విజేత జట్టు దిగిపోయిన వత్సరము

పరీక్షలో తప్పిన విద్యార్థి మఱుసటి యేడు అదే తరగతిలో కూర్చుండును. అంతకంటె క్రింది తరగతికి వానిని పంపెడి బడి యెచ్చటను లేదు. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు ఆటలో మాత్రము అట్టి బడి యొకటి కలదు. అచ్చట మొదటి శ్రేణిలో ఆడు జట్టు ఆ యేటి పట్టికలో అడుగున నిలిచెనా, మఱుసటి యేడు రెండవ శ్రేణిలో ఆడవలసినదే. దాని పూర్వకీర్తి కాని, అది పుట్టిన నగరము గొప్పతనము కాని, దానిని చూడవచ్చు జనసంఖ్య కాని అప్పుడు అక్కఱకు రావు.

శ్రోతలారా! ఈ కఠిన నియమము ఒకమాఱు ఎంతటి వింతను చూపినదో మీకు విన్నవించుట ఈ ప్రసంగమున నా యుద్దేశము. ఒక యేడు దేశమునకెల్ల మొదటిదై నిలిచిన జట్టు, మఱుసటి యేడే క్రింది శ్రేణికి దిగిపోయినది. అంతటితో ముగిసెనా, ముగియలేదు. దిగిపోయిన ఆ యేటనే అది మొదటి శ్రేణిలోని తక్కిన యన్ని జట్లకంటె ఎక్కువ గోల్సు చేసినది. ఆ జట్టు మాంచెస్టరు సిటీ. ఆ సంవత్సరము 1937–38.

ముందుగా ఆ నియమమేమో కొంచెము తెలిసికొందము. ఇంగ్లండులో ఫుట్‌బాలు లీగు 1888వ సంవత్సరమున 12 జట్లతో మొదలైనది. 1892లో రెండవ శ్రేణి యేర్పడినది. తొలిదినములలో పై శ్రేణిలోని చివరి జట్లకును, క్రింది శ్రేణిలోని మొదటి జట్లకును ప్రత్యేకముగ పరీక్షాపోటీలు నడపి, ఎవరు ఎచ్చట నుండవలెనో తేల్చెడివారు. 1898లో ఆ పద్ధతి తొలగినది. అప్పటినుండి ఏటేట పై శ్రేణిలోని చివరి రెండు జట్లు దిగుటయు, క్రింది శ్రేణిలోని మొదటి రెండు జట్లు ఎక్కుటయు ఆచారమైనది. మనము చెప్పుకొను కాలమున మొదటి శ్రేణిలో 22 జట్లుండెను. ప్రతి జట్టును తక్కిన 21 జట్లతో స్వస్థలమున నొకమాఱు, పరస్థలమున నొకమాఱు, వెరసి 42 ఆటలు ఆడవలెను. గెలిచినచో 2 పాయింట్లు, సమముగ ముగిసినచో 1, ఓడినచో సున్న. ఇద్దఱకు పాయింట్లు సరిసమానమైనచో, చేసిన గోల్సును ఇచ్చిన గోల్సుతో భాగించి, ఎవరి సగటు హెచ్చో వారిని పైన నుంచెడివారు. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు. గోల్సు లెక్కకు వచ్చునది పాయింట్లు సమానమైన పిమ్మటనే. అంతకు ముందు కాదు.

ఇక మాంచెస్టరు మాట. ఆ పేరు మన పెద్దలకు వస్త్రముల మూలమున పరిచితము. మన సాలెవాని మగ్గమును మూలబెట్టిన మిల్లుగుడ్డ ఆ ప్రాంతమునుండియే వచ్చెడిది. ఆ మిల్లులలోను, యంత్రశాలలలోను వారమంతయు పాటుపడు కూలివాండ్రకు శనివారము మధ్యాహ్నమునుండి సెలవు. ఆ సెలవు పూట ఫుట్‌బాలు మైదానమే వారికి కోవెల, తిరునాళ్ళ రెండును. మాంచెస్టరు సిటీ జట్టు మొలచినదియు అట్టివారి నడుమనే. 1880లో ఆ నగరపు తూర్పు భాగమునందలి వెస్ట్ గార్టను అను పేటలో, సెయింట్ మార్క్స్ అను చర్చికి చెందినవారు నెలకొల్పిన చిన్న జట్టు అది. 1887లో ఆర్డ్విక్ అనియు, 1894లో మాంచెస్టరు సిటీ అనియు పేరు మార్చుకొన్నది. 1923లో మెయిన్ రోడ్డు అను క్రొత్త మైదానమునకు తరలినది. 1934లో ఆ మైదానమున జరిగిన ఒక కప్పు ఆటకు 84,569 మంది జనము వచ్చిరి. ఒక్క జట్టు గెలుపోటములు ఎన్ని వేల ఇండ్లలో ఆ రాత్రి భోజనపు రుచిని మార్చునో ఈ సంఖ్యనుబట్టి ఊహింపవచ్చును.

ఆ 1934లోనే సిటీ జట్టు దేశపు కప్పును గెలుచుకొన్నది. గోలు కాయుచున్న ఫ్రాంక్ స్విఫ్టునకు అప్పటికి ఇరువది యేండ్లు. ఆట ముగిసినదని ఈల వినబడగానే ఆ పిల్లవాడు ఆనందమును తాళలేక మూర్ఛిల్లి పడిపోయెను. 1936లో పీటర్ డోహర్టీ అను ఐర్లండు దేశీయుని 10,000 పౌన్లిచ్చి తెచ్చుకొనిరి. ఆనాటికి అది మిక్కిలి పెద్ద సొమ్ము. ఎడమ అంచున ఎరిక్ బ్రూక్, నడుమ అలెక్ హెర్డ్, వెనుక శాం బార్కస్ — ఇట్టి ఆటగాండ్రతో విల్ఫ్ వైల్డ్ అను నిర్వాహకుడు ఆ జట్టును నడపుచుండెను.

1936–37లో సగము కాలము గడచువఱకు సిటీ జట్టు పట్టిక నడుమ ఎక్కడనో ఉండెను. పిమ్మట ఏమైనదో కాని, చివరి 22 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. ఏప్రిలు 10వ తేదీన, ఆ కాలమున ఇంగ్లండులో మేటియైన ఆర్సెనలు జట్టును మెయిన్ రోడ్డులో 2–0గా ఓడించినది. అదే నెల 24వ తేదీన షెఫీల్డు వెన్స్‌డేను 4–1గా గెలిచి మొదటి స్థానమును ఖాయము చేసికొన్నది. 42 ఆటలలో 22 గెలుపులు, 13 సమములు, 7 ఓటములు, 57 పాయింట్లు, 107 గోల్సు. డోహర్టీ ఒక్కడే లీగు ఆటలలో 30 గోల్సు చేసెను. పుట్టిన 57 యేండ్లకు ఆ జట్టు తొలిసారిగా దేశమున మొదటిదైనది. అదే యేడు ఆ నగరపు రెండవ జట్టు మాంచెస్టరు యునైటెడ్ మొదటి శ్రేణినుండి దిగిపోయినది. ఒక వీథిలో దీపావళి, ప్రక్క వీథిలో చీకటి.

వచ్చిన యేడు ఆగస్టులో ఆట మరల మొదలైనది. ఆటగాండ్రలో పలువురు వారే, నిర్వాహకుడు వాడే, మైదానము అదే. నవంబరులో, ఆ యేటి కప్పు విజేతయగు సండర్లండును 2–0గా ఓడించి చారిటీ షీల్డు అను బహుమానమును గూడ సిటీ జట్టు అందుకొన్నది. డార్బీ జట్టును వారి యూరిలోనే 7–1గా చిత్తుచేసినది. వెస్ట్ బ్రామ్విచ్ జట్టును స్వస్థలమున మరల 7–1గా ఓడించినది. లీడ్సుపై 6–2గా గెలిచినది. ఈ మూడు ఆటల కథ మాత్రమే విన్నవాడు ఆ జట్టు మరల మొదటి స్థానమునకే పోవుచున్నదని తలచును. కాని పట్టిక వేఱొక కథ చెప్పుచుండెను. వారము వెనుక వారము ఆ జట్టు క్రిందికి జాఱుచు వచ్చెను.

1938 మే 7వ తేదీ వచ్చినది. అది చివరి ఆట. సిటీ జట్టు హడర్స్‌ఫీల్డునకు పోయి ఆ యూరి జట్టుతో ఆడవలెను. అప్పటికి సిటీకి 36 పాయింట్లు, హడర్స్‌ఫీల్డునకు 37. ఇద్దఱును మునుగుచున్నవారే, ఒకరిపై కాలూనిగాని యొకరు ఒడ్డెక్కలేరు. హడర్స్‌ఫీల్డు సామాన్యమైన జట్టు కాదు. 1924 మొదలు 1926 వఱకు వరుసగ మూడేండ్లు దేశమున మొదటిదై, ఆ ఘనతను మొట్టమొదట సాధించిన జట్టు అది. సరిగా వారము క్రిందటనే, ఏప్రిలు 30వ తేదీన, లండనులో కప్పు తుదిపోటీ ఆడి, అదనపు సమయపు చివరి నిమిషమున వచ్చిన పెనాల్టీ దెబ్బకు ప్రెస్టను చేతిలో ఓడి, కన్నీటితో ఇల్లు చేరినవారు. ఇప్పుడు ఉన్న ఇల్లు గూడ పోవు స్థితి. ఆ దినమున హడర్స్‌ఫీల్డు 1–0గా గెలిచినది. సిటీ జట్టు గెలిచియుండిన 38 పాయింట్లతో నిలిచియుండెడిది, హడర్స్‌ఫీల్డే దిగెడిది. ఒక్క గోలు, ఒక్క మధ్యాహ్నము, దేశపు విజేత రెండవ శ్రేణికి పోయెను.

ఇప్పుడు ఆ యేటి పట్టికను చూతము. సిటీ జట్టు 14 ఆటలు గెలిచి, 8 సమముచేసి, 20 ఓడినది. చేసిన గోల్సు 80, ఇచ్చినవి 77. మొదటి స్థానము పొందిన ఆర్సెనలు చేసినవి 77 మాత్రమే. గ్రిమ్స్‌బీ జట్టు ఏడాది పొడుగున 51 గోల్సు చేసి 38 పాయింట్లతో బ్రదికినది. బర్మింగ్‌హాం జట్టు కథ ఇంకను విచిత్రము. గెలిచినవి 10 ఆటలే. సిటీకంటె నాలుగు తక్కువ. కాని సమముగ ముగించినవి 18. పాయింట్లు 38. అదియు బ్రదికినది. 80 గోల్సు చేసినవాడు మునిగెను, 51 చేసినవాడు ఒడ్డు చేరెను. ఇది న్యాయమా?

మన రైతు నడిగినచో ఈ చిక్కును తేలికగా విప్పును. ఏటి వానను కొలచి ఇన్ని అంగుళములు కురిసినదని కచేరీలో వ్రాసికొందురు. ఆ అంకె ఎంత పెద్దదైనను రైతునకు దానితో తృప్తి లేదు. మృగశిరలో ఒక్క రాత్రి చెఱువు కట్ట తెగునట్లు కురిసి, ఆశ్లేషలో చినుకైన రాలకున్నచో, లెక్కకు వాన నిండుగనే యుండును. గాదెలో గింజ మాత్రముండదు. కార్తెకు కార్తెకు పదునైనంత పడినదే వాన. సిటీ వారి గోల్సు ఆ మొదటి వాన వంటివి. నేను చెప్పిన మూడు ఆటలలోనే 20 గోల్సు కురిసినవి. వానికి వచ్చిన పాయింట్లు 6 మాత్రమే. 7–1గా గెలిచినను, 1–0గా గెలిచినను ఫలము రెండే. మిగిలిన యాఱు గోల్సును దాచి, ఓడుచున్న మఱియొక దినమునకు తెచ్చుకొనుటకు వీలులేదు. తక్కిన 39 ఆటలకు మిగిలినవి 60 గోల్సు, 30 పాయింట్లు.

పరస్థలములలో ఆడిన 21 ఆటలను చూచినచో లోపము మఱింత స్పష్టమగును. అందు సిటీ గెలిచినవి 2, సమములు 6, ఓటములు 13. ఆ రెండు గెలుపులలో నొకటి డార్బీపై సాధించిన 7–1. స్వజనము కేకలు వినబడుచున్నప్పుడు ఆ జట్టు ఏనుగువలె ఆడినది. పరాయి యూరిలో, వానలో, బురదలో, ఎదిరి జనము హేళనచేయుచుండగా, ‘ఈ దినము గెలువజాలము, ఓడకున్న చాలును’ అని పండ్లు బిగించి నిలుచు గుణము దానికి అలవడలేదు. బర్మింగ్‌హాము వారు 18 మాఱులు చేసినదదియే. గెలువలేని దినమున ఓడకుండుట గూడ ఒక విద్యయే. ఆ విద్యకు చప్పట్లు కొట్టువారుండరు. ఏటి చివరను పట్టిక మాత్రము దానిని మఱవదు.

మఱియొక విశేషము గూడ చెప్పవలెను. ఆ యేడు జట్లన్నియు ఒకదాని నొకటి ఒరసికొని నడచినవి. మొదటిదైన ఆర్సెనలునకు 52 పాయింట్లు; చివరి వెస్ట్ బ్రామ్విచ్‌నకు 36. పదునాలుగవ స్థానమున నిలిచిన ఎవర్టనునకును, ఇరువది యొకటవదియైన సిటీకిని నడుమ నున్న దూరము 3 పాయింట్లే. ఆ ఎవర్టనే మఱుసటి యేడు దేశమున మొదటిదైనది! ఇట్టి ఇఱుకు బాటలో ఒక్క అడుగు తప్పినవాడు ఎంత లోతునకు పడునో చెప్పనలవికాదు. కావున సిటీ జట్టు చేతకానిదై దిగినదనుట సరికాదు.

అంతేకాదు, నియమమే వేఱైనచో ఫలమును వేఱయ్యెడిది. 1981లో ఇంగ్లండు లీగువారు గెలుపునకు 2కు బదులు 3 పాయింట్లు ఇయ్యసాగిరి. ఆ క్రొత్త కొలతను 1938 పట్టికకు పట్టిచూచినచో సిటీకి 50, బర్మింగ్‌హామునకు 48 వచ్చును. బర్మింగ్‌హామే అడుగునకు పోవును. సిటీతో సమానముగ 50 పొందు వెస్ట్ బ్రామ్విచ్ గోలుల సగటున తగ్గియుండుటచే దానితోడ దిగును, సిటీ నిలుచును. ఐనను ఆ మాటతో ఆనాటి తీర్పు తప్పు కాజాలదు. 42 ఆటలకును కొలత యేదో ఆట మొదలుకాక ముందే అందఱకును తెలియును. పంట చేతికి వచ్చిన పిమ్మట కుంచము మార్చుమని అడుగరాదు.

అట్లు కుంచము మార్చిన సందర్భమొకటి ఆ లీగు చరిత్రలో లేకపోలేదు. మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో, మొదటి శ్రేణిని 20 జట్లనుండి 22కు పెంచిరి. యుద్ధమునకు ముందు, 1915లో, చివర నిలిచిన రెండు జట్లలో చెల్సీని పైననే యుంచి, టాటెన్‌హాంను దింపిరి. ఆ చోటునకు, రెండవ శ్రేణిలో మొదటి రెండు స్థానములలో లేని ఆర్సెనలును వోట్లచేత పైకి తెచ్చిరి. ఆ నిర్ణయమును గూర్చిన వాదము నూఱేండ్లు దాటినను చల్లాఱలేదు. నియమము ముఖము చూచి నడచినచో ఎక్కినవానికి గౌరవముండదు, దిగినవానికి ఓదార్పుండదు. 1938లో నియమము విజేత ముఖమును చూడలేదు. సిటీ వారికి అది నష్టమే. కాని ఆ నియమమునకు మాత్రము అదియే గొప్ప పరీక్ష. ఆ పరీక్షలో అది నెగ్గినది.

దిగిపోవుటలో ఆనాడు పోయినదేమి? ఈ కాలమున పై శ్రేణినుండి దిగిన జట్టు కోట్లకొలది ధనమును కోల్పోవును. ఆ కాలమున ఎంతటి ఆటగానికైనను ఆడు దినములలో వారమునకు 8 పౌన్లకు మించి జీతమీయరాదని నియమముండెను. మొదటి శ్రేణిలోను అంతే, రెండవ శ్రేణిలోను అంతే. పోయినది ముఖ్యముగ మర్యాద. సోమవారము యంత్రము ప్రక్కన నిలిచినప్పుడు తోటి కూలివాని కన్నులలోకి సూటిగ చూడగల ధీమా పోయినది. అదే యేడు మాంచెస్టరు యునైటెడ్, షెఫీల్డు యునైటెడ్‌తో పాయింట్లు సమానమై, గోలుల సగటున నెగ్గి మొదటి శ్రేణికి ఎక్కినది. ఏడాది క్రిందటి దీపావళి వీథి మాఱినది.

నియమము దింపును; తలుపు మాత్రము మూయదు. సిటీ జట్టు 1938–39లో రెండవ శ్రేణిలో అయిదవ స్థానమున నిలిచినది. 1939 సెప్టెంబరులో రెండవ మహాయుద్ధము వచ్చి, మూడు ఆటలకే లీగు ఆగిపోయెను. ఆటగాండ్ర మంచి యౌవనము యుద్ధమున గడచెను. యుద్ధము ముగియునప్పటికి డోహర్టీ సిటీని వీడి, ఒకనాడు తాము ఏడు గోల్సు చేసిన ఆ డార్బీలోనే చేరి, 1946లో వారితో కప్పు గెలిచెను. 1941లో బాంబులు పడి యునైటెడ్ వారి మైదానము పాడయ్యెను. వారికి తలదాచుకొన చోటిచ్చినది సిటీ వారి మెయిన్ రోడ్డే. 1949 వఱకు వారు అచ్చటనే ఆడిరి. ఆ విధమున 1946–47లో మొదటి శ్రేణి జట్టు, రెండవ శ్రేణి జట్టు ఇంట అద్దెకుండెను. ఆ యేడే సిటీ జట్టు, శాం బార్కస్ నాయకత్వమున, 62 పాయింట్లతో రెండవ శ్రేణిలో మొదటిదై పైకి వచ్చెను. దిగినప్పుడు గోలు కాచిన స్విఫ్టే ఎక్కినప్పుడును గోలు కాచెను. దిగిన యేడు అతనికి 24. ఎక్కిన యేడు 33. మఱుసటి యేడు టూరిను నగరమున ఇటలీని 4–0గా ఓడించిన ఇంగ్లండు జట్టునకు నాయకుడతడే. ఆట మానిన పిమ్మట పత్రికావిలేఖరియై, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదమున, ఆ యునైటెడ్ జట్టువారితో కలసి ప్రయాణించుచునే ప్రాణములు విడిచెను.

ఆ పిమ్మట సిటీ జట్టు పలుమాఱులు దిగినది, పలుమాఱులు ఎక్కినది. 1998లో మూడవ శ్రేణికి గూడ జాఱినది. 2012లో మరల దేశమున మొదటిదైనది. 2021 మొదలు 2024 వఱకు వరుసగ నాలుగేండ్లు మొదటిదై, ఇంగ్లండులో మున్నెవ్వరును పొందని ఘనతను పొందినది. ఐనను విజేతయై మఱునాడే దిగిపోయిన జట్టు ఆంగ్ల ఫుట్‌బాలు చరిత్రలో నేటికిని అది యొక్కటే. 2016లో విజేతయైన లెస్టరు గూడ పిమ్మట దిగినది. కాని దానికి ఏడేండ్లు పట్టినది.

నిరుడు గెలిచినవాడు ఈ యేడు సున్నతోనే మొదలిడవలెను. ఇది కఠినమే. కాని నిరుడు ఓడినవాడును ఈ యేడు సున్నతోనే మొదలిడును. ఆ రెండవ మాటలోని ఆశ నిలువవలెనన్నచో, మొదటి మాటలోని కాఠిన్యమును సహింపక తప్పదు. మాంచెస్టరు నగరపు కూలివాండ్రు 1938 మే నెలలో దానిని సహించిరి. ఆగస్టు రాగానే రెండవ శ్రేణి ఆట చూచుటకు మరల మెయిన్ రోడ్డునకు నడచిరి.